నీరుగంటి లేని చెరువు: వాతావరణ పరివర్తనముపై దేశముల సంధిచర్చలు



ఈ ధర్మనిధిని నెలకొల్పిన పెద్దలు, ఏటేట జరుగు ఉపన్యాసమున వక్త తమ గుణగణములను కీర్తించుచు కాలము పుచ్చరాదనియు, తమ పేరు సైతము వేదికపై ఉచ్చరింపవలదనియు, నిధిపత్రమునందే స్పష్టముగా వ్రాయించి కీర్తిశేషులైరి. వక్తలకు ఇది కొంత కష్టమైన నియమమే. ప్రశస్తి చదువుటలో పావుగంట సునాయాసముగా గడచిపోవును గదా! వారి ఆజ్ఞను మీరక ఒక్క మాట మాత్రము చెప్పుకొందును. చెరువుల క్రింద నీటివంతులను గూర్చి పుట్టిన తగవులను తీర్చుటలోనే వారి ఆయుర్దాయమున చాలభాగము గడచినది. అందుచేతనే, వాతావరణ పరివర్తనమును గూర్చి దేశములు ముప్పది సంవత్సరములకు పైబడి జరుపుచున్న సంధిచర్చలు ఏల ఇంత క్లిష్టములైనవో విచారించుట ఈ సభకు తగిన పనియని తలచితిని.

ఆకాశమును గూర్చి మాటలాడుటకు ముందు మన నదిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. నందికొండల ప్రాంతమున పుట్టిన పినాకినులు రెండు. ఉత్తర పినాకిని అనంతపురము, కడప సీమలమీదుగా నెల్లూరు చేరి సముద్రమున గలియును. దక్షిణ పినాకిని బెంగుళూరు పొలిమేరలను ఒరసికొని, కొడియాళము దగ్గర తమిళనాట ప్రవేశించి, కెలవరపల్లి జలాశయమును, కృష్ణగిరి ఆనకట్టను, సాత్తనూరు ఆనకట్టను దాటి కడలూరు వద్ద సముద్రగామిని యగును. ఈ రెండవ నది మనకు తెచ్చునది నీరు మాత్రమే కాదు. మహానగరపు మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువులలో నిండి పొరలి ఇందులో చేరుటవలన, వాన కురిసి తలుపులెత్తిన దినములలో కెలవరపల్లి దిగువ నురుగు కొండలుగా లేచి వంతెనలపైకి ఎక్కుట హోసూరువారికి వింత కాదు. ఆ బెళ్ళందూరు చెరువు నీరై యుండియు నిప్పంటుకొన్న వార్తను 2015లోను ఆ తరువాతను పత్రికలలో చదివి, పురాణములలోని బడబాగ్నిని తలచుకొన్నవారు నాతోపాటు మరికొందరుందురు.

ఈ నదిని గూర్చి మైసూరు సంస్థానమునకును మదరాసు ప్రభుత్వమునకును 1892లోనే ఒక ఒడంబడిక జరిగినది. పేర్కొన్న నదులపై మైసూరువారు కొత్త సేద్యపు కట్టడములను, దిగువనున్న మదరాసు ప్రభుత్వపు సమ్మతిని ముందుగా పొందక, కట్టరాదని దాని సారాంశము. నూట ఇరువది సంవత్సరములు దాటిన పిదప, కర్ణాటకము కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణముల త్రాగునీటికై మార్కండేయ నదిపై యర్గోలు వద్ద ఆనకట్ట తలపెట్టగా, ఉపనదికి ఆ ఒడంబడిక వర్తించునా వర్తింపదా యను వివాదముతో తమిళనాడు 2018లో సుప్రీంకోర్టు నాశ్రయించినది. 2019 నవంబరులో న్యాయస్థానము, పనిని నిలుపుమన్న ప్రార్థనను నిరాకరించి, కావలసినచో ట్రిబ్యునలును కోరుకొమ్మని దారి చూపినది. కేంద్రప్రభుత్వము ట్రిబ్యునలుకు ముందు రాజీ కుదురునేమోనని 2020లో ఒక సంప్రదింపుల సంఘమును నియమించినది. ఆనకట్ట లేచినది, వివాదము తీరలేదు. గమనింపుడు: ఒకే రాజ్యాంగము, ఒకే సర్వోన్నత న్యాయస్థానము, నదీజలవివాదములకై 1956లో ప్రత్యేకముగా చేసిన చట్టము, ఇన్ని యుండియు రెండు సోదరరాష్ట్రముల నడుమ ఒక ఉపనది లెక్క తేలలేదు. ఇవేవియు లేని సుమారు రెండువందల దేశముల నడుమ గాలి లెక్క ఎట్లు తేలవలయును?

కోలారు, హోసూరు, రాయలసీమ ప్రాంతముల చెరువులకు నీరుగంటి యనువాడొకడుండెడివాడు. తూమును తెరచుటయు మూయుటయు వాని పని. ఏ మడికి ఎన్నిగడియలు పారవలయునో వాడు నిర్ణయించును. చెరువు సగమే నిండిన యేట ఎవరెవరు ఎంత తగ్గించి నాటవలయునో ఊరివారితో కూర్చుండి దామాషాగా తేల్చును. కోతలనాడు కల్లములో గింజలు కొలిపించుకొనును. వానిలో విశేషమేమనగా, తరచుగా ఆ చెరువు క్రింద వానికి సొంత భూమి యుండదు. భూమి లేకపోవుటయే వాని పలుకుబడికి మూలము. వాతావరణమను చెరువు క్రింద భూమి లేని దేశము భూగోళమున లేదు గనుక, ఆ చెరువునకు నీరుగంటి దొరకుట అసాధ్యము. ఐక్యరాజ్యసమితి కార్యదర్శివర్గము సభలు కూర్చును, పత్రములు అచ్చొత్తించును, నిద్రలేని రాత్రులలో ప్రతినిధులకు గదులు సర్దును. తూముతలుపు మాత్రము దాని చేతిలో లేదు.

లేదన్నది అలంకారముగా చెప్పిన మాట కాదు. 1992లో ఏర్పడి 1994 మార్చి 21 నుండి అమలులోనికి వచ్చిన వాతావరణ ఒడంబడికకు, 1995లో బెర్లినులో మొదటి సభ జరిగినప్పుడు కార్యక్రమ నియమావళిని ఆమోదింపవలసియుండెను. అందులోని 42వ నియమము, అభిప్రాయభేదము కలిగినప్పుడు ఓట్లతో ఎట్లు తేల్చవలయునో చెప్పునది. చమురుదేశములు కొన్ని ప్రధానముగా అడ్డుపడుటచే ఆ నియమముపై నాడు ఏకీభావము కుదరలేదు, నేటికిని కుదరలేదు. తత్ఫలితముగా, ఓటు ఎట్లు వేయవలయునో యను ప్రశ్నకు ఓటు లేకయే ఏకాభిప్రాయము రావలసియున్నది! తక్కిన నియమములను మాత్రము ముసాయిదా రూపముననే ఏటేట అనుసరించుచు, ప్రతి నిర్ణయమును ఎవ్వరును కాదనని స్థితిలో గ్రహించుట ఆచారమైనది. ఎవ్వరును కాదనలేదనుట అధ్యక్షుని చెవికి సంబంధించిన విషయము. 2010లో కాన్‌కూన్‌లో బొలీవియా లేచి కాదనుచుండగనే అధ్యక్షురాలి సుత్తి బల్లపై పడినది. 2012లో దోహాలో రష్యా విషయమున అట్లే జరుగగా, ఆ దేశము మరుసటి యేడు బాన్ నగరమున ఒక ఉపసంఘమును రెండు వారములపాటు కార్యక్రమ పట్టికయే ఆమోదము పొందకుండ కూర్చుండబెట్టినది. వాయుమండలము వేచియుండునని అందరికిని నమ్మకము గలిగినట్లున్నది.

ఐనను, గాలిని గూర్చి దేశములు ఒక్కమాటకు వచ్చిన సందర్భములు లేకపోలేదు. అందొకదానికి మన హోసూరుతో సంబంధమున్నది. ఇక్కడికి సమీపమున తొరపల్లిలో 1878 డిసెంబరు 10న జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచార్యులు (రాజాజీ), ఎనుబది మూడేండ్లు నిండిన వయస్సులో, 1962లో, గాంధీశాంతి సంస్థ పక్షమున ఆర్.ఆర్. దివాకర్, బి. శివరావులతో గూడి వాషింగ్టను వెళ్ళి, అణ్వస్త్ర పరీక్షలను మాన్పింపుమని అధ్యక్షుడు కెనెడీని కలిసి విన్నవించిరి. ఎవరో ఎచ్చటనో పేల్చిన అణుబాంబు ధూళి ఏ పాపమెరుగని పిల్లల పాలలోనికి గాలితో వచ్చి చేరుట అన్యాయమనునదే ఆ ఉద్యమమునకు మూలమైన వాదము. మరుసటి సంవత్సరము ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటను, సోవియట్ రష్యాలు వాయుమండలమున అణుపరీక్షలను నిషేధించు సంధిపై సంతకములు చేసినవి. రాజాజీగారి మాటవలననే అది జరిగినదని నేననను. అట్లనినచో వారే నవ్వెదరు. నేను చెప్పదలచినది వేరు. నాడు పేల్చువారు వేళ్ళపై లెక్కింపదగినవారు. ముగ్గురు సంతకము చేయగా గాలి చాలవరకు శుభ్రపడెను. ఆ పరీక్షలు ఆగుటవలన ఏ రైతు బండియు ఆగలేదు, ఏ ఇంటి దీపమును ఆరలేదు.

రెండవ ఉదాహరణము ఇంతకన్న బోధకమైనది. ఆకాశమున ఓజోను పొరను తినివేయు శీతలీకరణ రసాయనములను నిలుపుటకై 1987లో మాంట్రియలులో ఒప్పందము కుదిరినప్పుడు భారతదేశము చేరలేదు. పొరకు చిల్లి పెట్టినవారు ధనికదేశములవారు, దానికై ఖరీదైన కొత్త రసాయనములను కొనవలసినది బీదవారు, ఇది ఏమి న్యాయమని నాటి మన వాదము. 1990లో లండను సభలో పర్యావరణమంత్రి మేనకా గాంధి ఈ వాదమును గట్టిగా నిలిపిరి. వర్ధమానదేశముల అదనపు ఖర్చును భరించుటకు ఒక బహుపాక్షిక నిధి అక్కడనే ఏర్పడినది. గడువులలో పదేండ్ల వెసులుబాటు అంతకు ముందే కలదు. 1992లో భారతదేశము ఒప్పందమున చేరినది. ముందు సొమ్ము తేలినది, పిదప కోత తేలినది. ఆ ఒప్పందము నేటికిని అన్ని దేశములును చేరిన సఫల సంధిగా నిలిచియున్నది. నా ఉపన్యాసమునందలి ముఖ్యవాక్య మేదియని ఎవరైన అడిగినచో, ఈ క్రమమునే చూపెదను.

బొగ్గుపులుసు వాయువు విషయమున ఈ క్రమము తలక్రిందులైనది. ఈ వాయువు ఏ నాలుగు కర్మాగారములలోనో తయారగునది కాదు. పొయ్యి, బండి, సిమెంటు, ఉక్కు, కరెంటు, సకల సంసారమును దానితో ముడిపడియున్నది. పైగా అది శతాబ్దములకొలది గాలిలో నిలిచిపోవును గనుక, నేటి వేడిమికి నేటి పొగ మాత్రమే కారణము కాదు, తాతలనాటి పొగయు కారణమే. 1850 నుండి పోగైన దానిలో సుమారు నాల్గవవంతు అమెరికాది. భారతదేశపు పాలు నూటికి నాలుగింటికి మించదు. ఐనను నేటి సాలుసరి లెక్కలో మనము మూడవ స్థానమున నున్నాము. తలసరి లెక్కలోనో, అమెరికావాడు ఏటికి సుమారు 14 టన్నులు విడుచుచుండగా మనవాడు 2 టన్నులు. మూడు లెక్కలును నిజములే. ఏ లెక్కను ముందు విప్పవలయునను దానిపైననే సంధిచర్చ యంతయు తిరుగుచున్నది.

1992 ఒడంబడిక ఈ చిక్కును ఎరుగకపోలేదు. బాధ్యత అందరిదియు, ఐనను అందరిది సమానము కాదు అను సూత్రమును దానిలో వ్రాసికొనిరి. దానిని అనుసరించి 1997 డిసెంబరులో క్యోటోలో ధనికదేశములకు మాత్రమే కోతలు నిర్ణయింపబడెను. అంతకు ఐదు నెలల ముందే అమెరికా సెనేటు, వర్ధమానదేశములకు బాధ్యత లేని ఒప్పందమును తాము అంగీకరింపబోమని 95 ఓట్లతో, ఒక్క ఎదురు ఓటైనను లేక, తీర్మానించియుండెను. కనుక క్యోటోలో అమెరికా ప్రతినిధులు ఇచ్చిన మాట ఇంటివద్ద చెల్లని నోటువంటిదని గదిలోని వారందరికిని తెలియును. 2009లో కోపెన్‌హాగన్‌లో చివరి రాత్రి, మన మన్‌మోహన్ సింగ్, చైనా నేత వెన్ జియాబావో, బ్రెజిల్ నేత లూలా, దక్షిణాఫ్రికా నేత జూమాలు కూర్చుండి మాటలాడుచున్న గదిలోనికి ఒబామా స్వయముగా నడచివచ్చి కుదుర్చుకొన్న ఒడంబడికను, మరునాటి మహాసభలో చిన్నదేశములు ఎదిరింపగా, సభ ఆమోదింపలేదు, గుర్తించినది, అంతే. ఆనాడు మన పక్షమున ముఖ్యపాత్ర వహించిన పర్యావరణమంత్రి జైరాం రమేశ్ ఆంధ్రప్రదేశమునుండి రాజ్యసభకు ఎన్నికైనవారు. వారు మొండిపట్టు విడిచి మధ్యేమార్గమును వెదకుట దేశహితమునకు భంగకరమని పార్లమెంటులో కొందరు నిలదీసిరి. సంధికి వెళ్ళినవానికి ఎదుటిపక్షముకన్న సొంతపక్షము బరువు. ఈ సంగతి నదీజలముల సంప్రదింపులకు వెళ్ళిన ఏ ఇంజనీరు నడిగినను చెప్పును.

పారిసులో 2015 డిసెంబరు 12న కుదిరినది ఈ అనుభవములన్నిటి సారము. ఎవరి కోతను వారే నిర్ణయించుకొని ప్రకటింపవలయును. ప్రకటించుట విధి, నెరవేర్చుట సంకల్పము. చివరి గంటలో, ధనికదేశములు కోతలను చేసి తీరవలయునను అర్థమునిచ్చు ఒక క్రియాపదము ముసాయిదాలో కనబడగా, అది సెనేటు ముందుకు వెళ్ళవలసివచ్చునను భయముతో అమెరికా ఆక్షేపించెను. కార్యదర్శివర్గము దానిని వ్రాతతప్పుగా ప్రకటించి, చేయదగునను అర్థమునకు మార్చి చదివినది. ఇట్టి మెత్తని ఒప్పందమును హేళన చేయువారు కలరు. నేను చేయను. నీరుగంటి లేనిచోట రైతులు కనీసము తమ మడుల లెక్క తామే అందరియెదుట చదువుట మేలు గదా. కాని ఆ మెత్తదనము కూడ అమెరికాను నిలుపలేకపోయినది: 2020 నవంబరులో వెడలెను, 2021 ఫిబ్రవరిలో మరల చేరెను, 2025 జనవరి 20న మరల వెడలుటకు ఉత్తరువైనది.

ఇక సొమ్ము. కోపెన్‌హాగన్‌లో ధనికదేశములు, 2020 నాటికి ఏటికి పదివేల కోట్ల డాలర్లు సమకూర్చెదమని మాట ఇచ్చినవి. వారి లెక్కప్రకారమే అది 2022లో గాని నెరవేరలేదు. అందులోను పెద్దభాగము అప్పు. ఇల్లు కాలినవానికి వడ్డీకి సొమ్మిచ్చి దానమని వ్రాసికొనుట ఎట్టి ధర్మమో నాకు బోధపడలేదు. నష్టపరిహారపు మాట ఇంకను పాతది. సముద్రమట్టము పెరిగి మునుగుచున్న ద్వీపదేశముల పక్షమున వనువాటు 1991లోనే ఒక బీమానిధిని ప్రతిపాదింపగా, నష్టనిధి పెట్టవలయునను నిర్ణయము 2022లో ఈజిప్టులో జరిగినది. 2024 నవంబరులో బాకు నగరమున వర్ధమానదేశములు ఏటికి లక్షా ముప్పదివేల కోట్ల డాలర్లు కోరగా, 2035 నాటికి ఏటికి ముప్పదివేల కోట్లని తేల్చి, సుత్తి కొట్టిన పిదపగాని భారతప్రతినిధికి మాటలాడు అవకాశమీయలేదు. ఆమె ఆ నిర్ణయమును మేము అంగీకరింపబోమని నిర్మొగమాటముగా ప్రకటించెను. అప్పటికి సభ ముగియవచ్చినది.

అది నవంబరు 24 తెల్లవారుజాము. తరువాత వారమైనను తిరిగినదో లేదో, ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరము దాటి లోనాటికి వచ్చి, డిసెంబరు 1, 2 తేదీల నడుమ మన కృష్ణగిరి జిల్లా ఊతంగరైలో ఇరువదినాలుగు గంటలలో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిపించెను. సంవత్సరమంతకు ఎనుబది సెంటీమీటర్లకు కొంచెము పైబడి వాన ఎరిగిన జిల్లా ఇది! రోడ్డు ప్రక్కన నిలిపిన వ్యానులు, కార్లు ఏటిలో కాగితపు పడవలవలె కొట్టుకొనిపోవుట దేశమంతయు చూచినది. దిగువను సాత్తనూరునుండి సెకనుకు లక్షన్నర ఘనపుటడుగులకు మించి నీరు వదలవలసిరాగా తిరువణ్ణామలై, విళుపురము, కడలూరు జిల్లాలు మునిగినవి. ఒక తుఫానును పట్టుకొని ఇది ఫలానా దేశపు పొగవలననే వచ్చినదని ఏ శాస్త్రజ్ఞుడును చెప్పడు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయుననియు, ఒక డిగ్రీకి సుమారు నూటికి ఏడుపాళ్ళు ఎక్కువ మోయుననియు మాత్రము చెప్పును. ఆ ఏడుపాళ్ళ వాన ఎవరి ఖాతాలో వ్రాయవలయును? సంధిచర్చలలో ఇంతకన్న కఠినమైన ప్రశ్న నాకు కనబడలేదు. ఖాతా తేలువరకు దాని ఖర్చు మునిగిన చేలవాడే పెట్టుకొనుచున్నాడు.

ఇంతవరకు నేను పలికినది దిగువవాని గొంతుతో. సభలో చప్పట్లు కూడ దానికే మ్రోగినవి. కాని హోసూరు కేవలము దిగువ ఊరు కాదు. 1970వ దశకమున సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలసిన నాటినుండి ఇచ్చట తయారైన లారీలు, మోపెడ్లు, మోటారుసైకిళ్ళు దేశమంతట పరుగెత్తుచున్నవి. మన పిల్లల చదువులు, మన ఇండ్ల మిద్దెలు ఆ పొగతోనే లేచినవి. నేడు అదే జిల్లాలో పోచంపల్లి వద్ద కరెంటు స్కూటర్ల కర్మాగారము నడచుచున్నది, ఆ కరెంటులో ఎక్కువపాలు బొగ్గుదే యైనను. తలసరి రెండు టన్నులని ప్రపంచసభలలో మనము చూపు లెక్క, హోసూరులోని ఏసీ గదివానికిని డెంకణికోట అడవి అంచున మెట్టపైరు వేయువానికిని కలిపి తీసిన సగటు. బయట న్యాయమైన ఆ వాదము, ఇంటిలోపల పంపకము జరుగనంతకాలము, మెట్టరైతు పేరు చెప్పి ఏసీ గదివాడు పొందు వెసులుబాటుగానే యుండును. బెంగుళూరు మురుగును నిందించు మనము మన వాడల వ్యర్థజలము ఏ కాలువలో కలియునో అడుగుటకు ఎంత జంకుచున్నామో, ఇదియు అంతే. దీనివలన భారతదేశము తన వాదమును విడువవలయునని నేననను. 1990లో లండనులో గెలిచినది ఆ వాదమే. ఇంటిలెక్క సరిగానున్నవాడు గట్టిగా అడుగగలడు, అంతమాత్రమే.

ఈలోపల, సభలు తేల్చలేని దానిని సంతలు తేల్చుట మొదలుపెట్టినవి. ఐరోపాదేశములు, ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు మొదలగు సరకులను చేయుటలో వెలువడిన కర్బనమునకు సరిహద్దున మూల్యము విధించు ఏర్పాటును 2023 అక్టోబరు 1న లెక్కలు చెప్పించుటతో ఆరంభించి, 2026 జనవరి నుండి సుంకబాధ్యతగా మార్చినవి. ఆ పట్టికలో ఉక్కు బోల్టులు, నట్లు, మరలు, వాషర్లు గూడ కలవు. హోసూరు వీధులలో లేతు యంత్రములు పెట్టుకొని ఇట్టివి చేయు చిన్న పరిశ్రమలు ఎన్ని కలవో మీకు నేను చెప్పనక్కరలేదు. భారతదేశము చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికాలతో గూడి, ఇది ఏకపక్షపు వ్యాపారనిర్బంధమనియు, 1992 సూత్రమునకు విరుద్ధమనియు ఆక్షేపించి, దీనిని వాతావరణసభ కార్యక్రమపట్టికలో చేర్చుమని పట్టుపట్టుచున్నది. చేర్చుటకే ఏకాభిప్రాయము కావలయునని మీకు తెలిసినదే. ఆ లోపున ఐరోపాలోని కొనుగోలుదారు పంపిన ప్రశ్నపత్రము మన బోల్టుల కర్మాగారపు యజమాని బల్లపైకి చేరుచున్నది: ఈ ఉక్కు ఏ కొలిమిలో కరిగినది, ఏ కరెంటుతో సాగినది, టన్నునకు ఎంత కర్బనము? ఆ ఉక్కును అతడు కరగించలేదు, ఆ కరెంటును అతడు పుట్టింపలేదు. ఆ లెక్కను కట్టించుటకు అగు వ్యయమును ఎవరు భరింపవలయునో బాకులో గాని, 2025లో బ్రెజిలులోని బెలేంలో గాని ఎవ్వరును నిర్ణయింపలేదు.